250వ టర్న్ దగ్గర కూలబడే కంప్యూటర్

ప్రశ్న: అన్నా, మాది నరసన్నపేట. వయసు 27, ఊళ్లోనే చిన్న ఉద్యోగం. రాత్రి తొమ్మిది దాటాక నాకున్న ఒకే సరదా స్ట్రాటజీ గేమ్స్. శని, ఆదివారాల్లో స్నేహితులతో ఆన్‌లైన్‌లో ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2, ఒక్కణ్ణే ఉంటే సివిలైజేషన్ 6, ఈ మధ్య హార్ట్స్ ఆఫ్ ఐరన్ 4 కూడా మొదలుపెట్టాను. డిగ్రీలో కొన్న ల్యాప్‌టాప్ ఇక లాగలేకపోతోంది. సివిలైజేషన్‌లో 250 టర్న్‌లు దాటాక నెక్స్ట్ టర్న్ నొక్కి, అమ్మ పిలిస్తే వెళ్లి అన్నం తినేసి వచ్చినా 'ప్లీజ్ వెయిట్' అనే ఉంటోంది. చీటీ పాడాను, చేతిలో 70 వేలున్నాయి, మానిటర్ కూడా అందులోనే రావాలి. శ్రీకాకుళంలో ఒక షాపాయన ఐ3 ప్రాసెసర్ వేసి మిగతా డబ్బంతా పెద్ద గ్రాఫిక్స్ కార్డుకి, లైట్ల కేబినెట్‌కి పెట్టమని కొటేషన్ ఇచ్చాడు. ఫ్రెండేమో ఆన్‌లైన్‌లో పాతిక వేల లోపే ఐ7, 16 జీబీ ర్యామ్ ఉన్న 'గేమింగ్ పీసీ' వస్తోందంటున్నాడు. నాన్న ల్యాప్‌టాపే కొనుక్కోమంటున్నారు. ఎవరి మాట వినాలి?

జవాబు:

తమ్ముడూ, అన్నం తినేసి వచ్చినా టర్న్ తిరగలేదని మామూలుగా రాసేశావు చూడు, నీ ప్రశ్నకి జవాబు అక్కడే ఉంది. ఐ3, ఐ7, లైట్లు, నాన్నగారి ల్యాప్‌టాప్, ఇవన్నీ తర్వాత. ఆ 'ప్లీజ్ వెయిట్' కనిపిస్తున్నంతసేపూ కంప్యూటర్ లోపల ఎవరు కష్టపడుతున్నారో తెలిస్తే డబ్బు ఎక్కడ పెట్టాలో నీకే తెలిసిపోతుంది.

నువ్వు నెక్స్ట్ టర్న్ నొక్కగానే ఆటలో ఉన్న మిగతా రాజులందరూ ఒకరి తర్వాత ఒకరు తమ ఎత్తు వేస్తారు. ఒక్కొక్కడికీ పది పన్నెండు ఊళ్లు, వాటిలో ఏం కట్టాలి, సైన్యం ఏ దారిలో వెళ్లాలి, నీతో యుద్ధమా సంధా, పక్కవాడు అడిగిన ఇనుము ఇవ్వాలా వద్దా, ఇదంతా లెక్కే. మొదటి యాభై టర్న్‌లలో ఊళ్లు తక్కువ, సైనికులు తక్కువ, కాబట్టి చిటికెలో అయిపోతుంది. 250వ టర్న్‌కి ప్రపంచం నిండిపోయి ఉంటుంది కదా, లెక్కలూ నిండిపోతాయి. ఈ పనంతా చేసేది ప్రాసెసర్. గ్రాఫిక్స్ కార్డు ఆ సమయంలో చేతులు కట్టుకుని కూర్చుంటుంది, దానికి చేయడానికి పనేమీ ఉండదు, కదలకుండా ఉన్న మ్యాప్‌ని చూపిస్తూ ఉండటం తప్ప. అంటే షాపాయన చెప్పినట్టు బడ్జెట్‌లో సగం కార్డుకి పోస్తే నీ అడవులు, నదులు మహా అందంగా కనిపిస్తాయి, ఆ అందాన్ని చూస్తూ నువ్వు ఇప్పటిలాగే కూర్చుంటావు.

ఆయన మోసం చేస్తున్నాడని మాత్రం అనను. "గేమింగంటే కార్డే కదేటి బాబూ" అనే ఉంటాడు, తుపాకీ ఆటలకీ, కార్ల ఆటలకీ అది నిజమే. ఆయన దగ్గరికి వచ్చే కుర్రాళ్లలో ఎక్కువమంది అడిగేవి అవే. నీ ఆటలు వేరే జాతి. నువ్వు "గేమింగ్ పీసీ కావాలి" అని అడిగావు, ఆయన అడిగినదానికి ఇచ్చాడు. ఈసారి వెళ్లినప్పుడు ఆటల పేర్లు చెప్పి అడుగు.

హార్ట్స్ ఆఫ్ ఐరన్ అయితే ఇంకా ఘోరం. 1936 జనవరి 1న ఆట మొదలైనప్పుడు 5వ స్పీడులో పెడితే రోజులు టకటకా దొర్లిపోతాయి, 1943కి వచ్చేసరికి అదే 5వ స్పీడు ఎడ్లబండి అవుతుంది. నిజానికి ఆ 5వ స్పీడుకి ఒక కొలతంటూ లేదు, ప్రాసెసర్ ఎంత తొందరగా లెక్క తేల్చగలిగితే అంత, అదే దాని అర్థం. ఆ ఆట గంట గంటకీ లెక్క కడుతుంది, ప్రపంచం మొత్తం మీద డివిజన్లు, అంటే సైన్యపు దళాలు, పెరిగేకొద్దీ ఆ గంట బరువెక్కుతుంది. స్టెల్లారిస్ ఆడేవాళ్లు చివరి దశలో పడే బాధ కూడా ఇదే.

ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ సంగతి చెబితే నీ స్నేహితులు నిన్ను ఎందుకు తిడుతున్నారో కూడా అర్థమవుతుంది. (తిడుతున్నారని నువ్వు రాయలేదు, నేను ఊహిస్తున్నాను.) ఆ ఆటలో ఎనిమిది మంది ఆడుతుంటే ఎనిమిది కంప్యూటర్లూ మొత్తం యుద్ధాన్ని ఎవరికి వారు లెక్కపెడతాయి. ఎక్కడో ఒక పెద్ద సర్వర్ లెక్కపెట్టి అందరికీ పంపడం కాదు. మనిషికి 200 మంది జనాభా చొప్పున ఎనిమిది మందికి 1600, ఈ 1600 మందీ ఎక్కడికి నడుస్తున్నారు, ఎవణ్ణి కొడుతున్నారు అన్నది ప్రతి కంప్యూటరూ ఒకేలా, ఒకే సమయానికి తేల్చాలి. ఒక్క కంప్యూటర్ వెనకబడితే మిగతా ఏడూ దాని కోసం ఆగాలి. పెళ్లి బృందంలో మోకాళ్ల నొప్పుల పెద్దాయన ఒక్కరుంటే సింహాచలం మెట్లు ఎలా ఎక్కుతారో అలా. 2000 తర్వాత ఆ రోజుల్లో విజయనగరంలో కోట దగ్గర ఒక ఇంటర్నెట్ సెంటర్‌లో మేం గంటకింత అని ఇచ్చి ఆడేవాళ్లం, టీములకి బొబ్బిలి, విజయనగరం అనే పేర్లు పెట్టుకుని 1757 యుద్ధాన్ని వారానికి మూడుసార్లు మళ్లీ చేసేవాళ్లం. విజయనగరం టీమువాళ్లు రాతి కోటల ముందుకి ఫిరంగులు తెచ్చి "బుస్సీ వచ్చాడ్రా" అని అరుస్తుంటే, మూలన ఉన్న నాలుగో నంబర్ సిస్టమ్ ఊపిరాడక ఆట మొత్తం బొమ్మ తర్వాత బొమ్మగా నడిచేది. అందుకే నాలుగో నంబర్‌లో ఎవడు కూర్చోవాలన్నది చీట్లు వేసి తేల్చేవాళ్లం. ఇప్పుడు మీ గ్యాంగ్‌లో నాలుగో నంబర్ సిస్టమ్ నీదే అయి ఉంటుంది.

సరే, ఏ ప్రాసెసర్? ఇక్కడ జనం రెండు అంకెలు చూసి మోసపోతారు, కోర్‌లు (ప్రాసెసర్ లోపల లెక్కకట్టే భాగాలు) ఎన్ని, గిగాహెర్ట్జ్ ఎంత అని. నీ ఆటల్లో పని చాలావరకు ఒకదాని తర్వాత ఒకటి జరగాల్సిందే, ఈ రాజు ఎత్తు తేలాకే తర్వాతి రాజు. కాబట్టి పదహారు కోర్‌లు ఉంటే పదహారు రెట్లు తొందరగా అవ్వదు. ఒక్కో కోర్ ఎంత చురుగ్గా ఉందన్నది ముఖ్యం, నీ పనికి ఆరు కోర్‌లు పుష్కలం. దాంతోపాటు షాపుల్లో ఎవరూ చెప్పని మూడో అంకె ఒకటుంది, క్యాష్. కిరాణా కొట్టు ఊహించుకో. కొట్టాయన కూర్చున్న చోట చేతికందే దూరంలో డబ్బాలుంటాయి, వెనక వీధిలో గోడౌన్ ఉంటుంది. చేతి కింద డబ్బాలు ఎక్కువ ఉంటే సరుకు చకచకా కట్టేస్తాడు, ప్రతిదానికీ గోడౌన్‌కి కుర్రాణ్ణి పంపితే ఆ కొట్టాయన ఎంత చురుకైనవాడైతే ఏం లాభం? ఆ చేతి కింద డబ్బాలు క్యాష్, గోడౌన్ నీ ర్యామ్. వేలకొద్దీ సైనికుల వివరాల్ని మాటిమాటికీ తిరగేసే ఆటలకి ఈ డబ్బాలు ఎన్ని ఉంటే అంత హాయి.

ఏఎండీ కంపెనీ 2022లో ఈ సంగతి పట్టుకునే రైజెన్ 7 5800ఎక్స్3డీ అని ఒకటి తెచ్చింది, మామూలు వాటిలో 32 ఎంబీ ఉండే ఎల్3 క్యాష్‌ని 96 ఎంబీ చేసింది. తర్వాత 2023లో 7800ఎక్స్3డీ, 2024 చివర్లో 9800ఎక్స్3డీ వచ్చాయి. స్ట్రాటజీ ఆటలు ఆడేవాళ్లకి ఇవి కలల ప్రాసెసర్లు. నీ 70 వేలలో ఇప్పుడు కొనమని చెప్పను, అది ఒక్కటే బడ్జెట్‌లో సగం మింగేస్తుంది. ఆ పేరు గుర్తుపెట్టుకో, నాలుగేళ్ల తర్వాత పనికొస్తుంది. ఎలాగో ఇప్పుడు చెబుతాను.

నా మాట అడిగితే రైజెన్ 5 7600 తీసుకో. ఆరు కోర్‌లు, 32 ఎంబీ క్యాష్, 65 వాట్లు, దాంతోపాటు డబ్బాలో కూలర్ కూడా వస్తుంది, వేరే కొనక్కర్లేదు. దానికి బీ650 మదర్‌బోర్డు. ఈ ఏఎం5 అనే సాకెట్‌ని (బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే గూడు) కనీసం 2027 వరకు నడిపిస్తామని ఏఎండీ ప్రకటించింది కాబట్టి, పై పేరాలో చెప్పిన వాటిలో 7800ఎక్స్3డీ గానీ 9800ఎక్స్3డీ గానీ (5800ఎక్స్3డీ పాత ఏఎం4 సాకెట్‌ది, ఇందులో పట్టదు) రేపు చవకగా, సెకండ్ హ్యాండ్‌లో దొరికితే బోర్డు మార్చకుండా పాతది తీసి కొత్తది పెట్టేయొచ్చు. డబ్బు మరీ బిగుసుకుపోతే ఇంటెల్‌లో ఐ5-12400ఎఫ్ ఉంది, పాత తరమే, అయినా అదీ ఆరు కోర్‌లు, నీ ఆటలకి బాగానే సరిపోతుంది, కాకపోతే అక్కడి నుంచి పైకి వెళ్లే దారి పొట్టి. ఒక జాగ్రత్త, ఇంటెల్ పేరు చివర 'ఎఫ్' ఉంటే దానికి సొంత గ్రాఫిక్స్ ఉండదని అర్థం, కార్డు లేకపోతే తెర మీద బొమ్మే రాదు. ఇది తెలియక ఎఫ్ ప్రాసెసర్ కొనేసి, కార్డు తర్వాత కొందాంలే అనుకుని, రెండు నెలలు నల్ల తెరని చూస్తూ కూర్చున్న మనిషి ఒకడు మా ఇంట్లోనే ఉన్నాడు, మా తోడల్లుడు.

షాపాయన చెప్పిన ఐ3 ఐ3-12100ఎఫ్ అయితే అదేమీ చెత్త కాదు. నాలుగు కోర్‌లే అయినా ఒక్కో కోర్ చురుకైనదే. క్యాష్ 12 ఎంబీ మాత్రమే, నీకు లోటు తెలిసేది అక్కడ. 40 వేల బడ్జెట్‌తో రాసి ఉంటే దాన్నే కొనమనేవాణ్ణి.

ఇక మీ ఫ్రెండ్ చూపించిన ఐ7. తమ్ముడూ, దాని దగ్గరికి వెళ్లకు. ఆ ప్రకటనలో ఐ7 అని పెద్దక్షరాల్లో ఉంటుంది, ఏ తరం ఐ7 అన్నది ఎక్కడో చీమంత అక్షరాల్లో ఉంటుంది, లేదా అసలు ఉండదు. ఆ ధరకి వచ్చేవి మామూలుగా ఐ7-2600 గానీ ఐ7-3770 గానీ అయి ఉంటాయి. మొదటిది 2011ది, రెండోది 2012ది. ఎక్కడో ఆఫీసుల్లో తీసేసిన ప్రాసెసర్‌ని కడిగి, పేరూ ఊరూ లేని హెచ్61 బోర్డులో పెట్టి, డీడీఆర్3 ర్యామ్ గుచ్చి, ముందు నాలుగు రంగుల ఫ్యాన్లు బిగిస్తే 'గేమింగ్ పీసీ' అయిపోతుంది. ఐ7-3770కీ నాలుగు కోర్‌లే, నువ్వు చిన్నచూపు చూస్తున్న ఐ3-12100కీ నాలుగు కోర్‌లే, మధ్యలో పదేళ్లు గడిచాయి, ఆ ఐ3 ముందు ఈ ఐ7 నిలబడలేదు. పైగా విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది, విండోస్ 11 అధికారికంగా ఇంటెల్ 8వ తరం నుంచే. అంటే ఆ డబ్బా ఇంటికి వచ్చిన రోజే రిటైరై ఉంటుంది. ఐ7 అనే మాటకి మన దగ్గర ఉన్న గౌరవం చూస్తే నాకు నవ్వొస్తుంది, పెళ్లిచూపుల్లో "అబ్బాయి ఇంజినీరు" అంటే చాలన్నట్టు, ఏ సంవత్సరం పాసయ్యాడో ఎవరూ అడగరు.

గ్రాఫిక్స్ కార్డు విషయం. నీ మూడు ఆటలకీ మధ్యస్థం కార్డు చాలు, 8 జీబీ ఉన్న రేడియాన్ ఆర్ఎక్స్ 6600 లాంటిది ఉంటే సివిలైజేషన్ 7 కూడా సుఖంగా ఆడతావు. 70 వేలలో మానిటర్, యూపీఎస్ కూడా రావాలంటే ఇది ఈ విడతలో పట్టకపోవచ్చు. పట్టకపోతే వదిలెయ్, నిజంగానే చెబుతున్నా. 7600లో చిన్న గ్రాఫిక్స్ భాగం ఒకటి లోపలే ఉంది, దానితో హార్ట్స్ ఆఫ్ ఐరన్, ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ తక్కువ సెట్టింగ్‌లలో నెట్టుకొస్తాయి. సివిలైజేషన్ 6లో స్ట్రాటజిక్ వ్యూ అని ఒకటుంది, మ్యాప్‌ని బల్ల మీద పరిచిన కాగితం బొమ్మలా చూపిస్తుంది, కార్డు మీద బరువు బాగా తగ్గిపోతుంది (నాకైతే అదే ఇష్టం, ఎక్కడ ఏముందో స్పష్టంగా తెలుస్తుంది). ఆరు నెలల తర్వాత ఇంకో చీటీ వచ్చినప్పుడు కార్డు గుచ్చుకోవచ్చు, పది నిమిషాల పని. చవక ప్రాసెసర్ పెట్టి పెద్ద కార్డు కొన్నవాడు తర్వాత మార్చుకోవాలంటే సగం కంప్యూటర్ విప్పాలి.

దీనికి మినహాయింపు టోటల్ వార్ ఆటలు. తెర మీద ఒకేసారి వేలమంది సైనికులు కత్తులు దూసుకుంటారు కాబట్టి వాటికి ప్రాసెసరూ కావాలి, కార్డూ కావాలి. సిటీస్ స్కైలైన్స్ 2 కూడా అంతే, అది రెండింటినీ పీల్చేస్తుంది. వాటి మీద నీకు మనసు ఉంటే ఇప్పుడే చెప్పు, బడ్జెట్ లెక్క మారుతుంది. నువ్వు వాటి పేరు ఎత్తలేదు కాబట్టి నేనూ వదిలేస్తున్నా.

ర్యామ్ 16 జీబీ. ఈ మధ్య ఏఐ డేటా సెంటర్లు చిప్‌లన్నీ ఎగరేసుకుపోవడంతో ర్యామ్ ధరలు మండిపోతున్నాయి, అందుకే నేనిక్కడ ఏ ముక్కకీ ధర రాయడం లేదు, ఈ రోజు రాసింది నువ్వు షాపుకి వెళ్లేసరికి చెల్లదు. కార్డు లేకుండా నడపాల్సి రావచ్చు కాబట్టి 8 జీబీవి రెండు ముక్కలు తీసుకో, ఒక్క 16 ముక్క వద్దు. లోపలి గ్రాఫిక్స్ ర్యామ్‌నే వాడుకుంటుంది, రెండు ముక్కలుంటే రెండు దారులు తెరుచుకుంటాయి. బిగించాక బయోస్‌లోకి (కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు తెరిచే సెట్టింగ్‌ల పేజీ) వెళ్లి ఎక్స్‌పో అనే ర్యామ్ సెట్టింగ్ ఆన్ చేయించు, లేకపోతే డబ్బా మీద రాసిన వేగంతో కాకుండా తక్కువ వేగంతో నడుస్తుంది, చాలామంది షాపుల్లో ఇది ఆన్ చేయకుండానే ఇచ్చేస్తారు. ఆటలు, ఫైళ్లు దాచుకునే ఎస్ఎస్‌డీ ఎన్‌వీఎంఈ రకానిది, 1 టీబీ. దానివల్ల ఆట తొందరగా తెరుచుకుంటుంది, టర్న్ తొందరగా తిరగదు. అంతకంటే దాని గురించి చెప్పడానికేం లేదు.

ఇప్పుడు కరెంటు. బయటి ఊళ్లవాళ్ల సలహాలు చదివి మనవాళ్లు నష్టపోయేది ఇక్కడే, వాళ్లెవరూ దీని గురించి రాయరు. నా మొదటి అసెంబుల్డ్ సిస్టమ్‌లో ప్రాసెసర్, ర్యామ్ అన్నీ మంచివి వేయించాను, ఎస్ఎంపీఎస్ (లోపలి ముక్కలన్నిటికీ కరెంటు అందించే డబ్బా) మాత్రం కేబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చిందే వాడాను. మే నెలలో ఒక సాయంత్రం ఈదురుగాలి, కరెంటు పోయి వచ్చి పోయి వచ్చి, నాలుగోసారి వచ్చినప్పుడు టప్‌మని ఒక శబ్దం, కాలిన వాసన. ఉచితంగా వచ్చిన ఎస్ఎంపీఎస్ పోతూ పోతూ మదర్‌బోర్డుని కూడా వెంట తీసుకుపోయింది. అప్పటి నుంచి నా నియమం, ముందు ఎస్ఎంపీఎస్, తర్వాతే మిగతా ముచ్చట్లు. పేరున్న కంపెనీది, 80 ప్లస్ బ్రాంజ్ అని రాసి ఉన్నది, 550 వాట్లది తీసుకో, రేపు కార్డు పెట్టినా సరిపోతుంది. దానికి వారంటీ ఎన్నేళ్లో అడుగు, ఐదేళ్లు ఇచ్చేవాడు తన సరుకు మీద నమ్మకంతో ఇస్తాడు.

కంప్యూటర్ కొనకముందే ఇంట్లో చేయించాల్సిన పని ఎర్తింగ్ చూపించుకోవడం. మన ఊళ్లలో పాత ఇళ్లల్లో మూడు రంధ్రాల ప్లగ్గులుంటాయి, పై రంధ్రానికి వెనక వైరే ఉండదు. కేబినెట్ ఇనుము మీద చెయ్యి పెడితే సన్నగా జివ్వుమంటుంది చూడు, అదే గుర్తు. చెప్పులు వేసుకుంటే ఏమీ అనదులే అని సర్దుకుపోయేవాళ్లని నేను బోలెడుమందిని చూశాను. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఆ ఒక్క ప్లగ్గుకైనా సరైన ఎర్త్ వేయించు.

యూపీఎస్ తప్పనిసరి. స్టెబిలైజర్ ఉంది కదా అనకు, అది వోల్టేజీని సర్దుతుంది గానీ కరెంటు పోతే అదీ పోతుంది. నువ్వు కార్డు పెట్టాక కూడా ఆట ఆడేటప్పుడు సిస్టమ్ మొత్తం సుమారు 250, 300 వాట్ల మధ్యలో ఉంటుంది, అందుకని 1000 వీఏ యూపీఎస్, అంటే దాదాపు 600 వాట్లది, తీసుకుంటే ఊపిరి పీల్చుకునే జాగా ఉంటుంది. 600 వీఏది చవక అని ఆశపడితే వాట్లలో అది 360 దగ్గర ఆగుతుంది, బ్యాటరీ కాస్త పాతబడగానే కరెంటు పోయిన క్షణమే చేతులెత్తేస్తుంది. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే వెనక 'యూపీఎస్ మోడ్' అనే స్విచ్ ఉందేమో చూడు, ఉంటే అందులో పెట్టు, మామూలు మోడ్‌లో కరెంటు మారే ఆ చిన్న సందులో కంప్యూటర్ రీస్టార్ట్ అయిపోవచ్చు. తిత్లీ తుపాను వచ్చినప్పుడు, 2018 అక్టోబర్‌లో, మీ వైపు రోజుల తరబడి కరెంటు లేదు, దానికి ఏ యూపీఎస్సూ ఏమీ చేయలేదు. దీని పని నువ్వు సేవ్ చేసి ఆపుకునేంత సమయం ఇవ్వడమే. తుపాను హెచ్చరిక వస్తే ప్లగ్గులు పీకేయ్, నెట్ కేబుల్ కూడా పీకేయ్, పిడుగు దారి దాన్లోంచి కూడా ఉంటుంది.

బల్లుల గురించి కూడా రాయాలా అనిపించింది గానీ రాసేస్తా. వెనక కార్డులు గుచ్చే పీసీఐ స్లాట్ల దగ్గర రేకులు తీసేసి ఖాళీగా వదిలేస్తే వెచ్చగా ఉందని బల్లి దూరుతుంది. ఒకసారి మా బంధువుల ఇంట్లో "ఫ్యాన్ శబ్దం చేస్తోంది" అంటే వెళ్లి విప్పాను, ఆ తర్వాత మధ్యాహ్నం భోజనం చేయలేకపోయాను. రేకులన్నీ బిగించి ఉన్నాయో లేదో చూసుకో.

కేబినెట్ ముందువైపు జాలీ ఉన్నది తీసుకో. మొత్తం అద్దంతో మూసేసి, లోపల సిరిమాను పండక్కి గంటస్తంభం దగ్గర వేసే సీరియల్ లైట్ల లాగా వెలిగేవి చూడటానికి బాగుంటాయి, రోహిణి కార్తెలో శ్లాబు కింద గదిలో పెడితే లోపల గాలి ఆడక కుక్కర్ అవుతుంది. రంగులంటే ఇష్టమైతే గోడకి ఒక ఎల్ఈడీ పట్టీ అతికించుకో, తక్కువలో తేలిపోతుంది. అన్నట్టు మన షాపుల్లో ఈ మొత్తం డబ్బాని 'సీపీయూ' అంటారు కదా, కాబట్టి ఫోన్‌లో "సీపీయూ ఎంత" అని అడిగితే వాళ్లు చెప్పేది డబ్బా ధర, నీకు కావాల్సింది ప్రాసెసర్ ధర. ప్రాసెసర్ అనే అడుగు.

మానిటర్ మీద మాత్రం పిసినారితనం చేయకు. 144 హెర్ట్జ్, 180 హెర్ట్జ్ (తెర మీద బొమ్మ సెకనుకి ఎన్నిసార్లు మారుతుందో ఆ లెక్క) అని ఊరిస్తారు, అవి నీ ఆటలకి పెద్దగా అక్కరకు రావు, నువ్వు చేసేది మ్యాప్ చూడటం, చిన్నచిన్న అంకెలు చదవడం. 24 అంగుళాలు, ఐపీఎస్ ప్యానెల్, ఫుల్ హెచ్‌డీ ఉంటే చాలు. హార్ట్స్ ఆఫ్ ఐరన్‌లో అక్షరాలు ఎంత చిన్నవో నీకు తెలుసు, ల్యాప్‌టాప్ తెర మీద అవి చదివి చదివి ఈపాటికి మెడ ముందుకి వంగిపోయి ఉంటుంది. స్టాండ్ పైకీ కిందకీ జరిగేది దొరికితే ఇంకా మంచిది, దొరక్కపోతే కింద రెండు లావుపాటి పుస్తకాలు.

నాన్నగారి మాట. ఆయన ల్యాప్‌టాప్ అనడానికి కారణం ఉండే ఉంటుంది, రేపు ఉద్యోగం మారితే పట్టుకెళ్లొచ్చు, కరెంటు పోయినా నడుస్తుంది, ఇంట్లో జాగా తినదు. మూడూ నిజాలే. ఆయనతో వాదించకుండా ఒక విషయం చూపించు. ఈ టర్న్‌లు తిరిగే పని నిమిషాల తరబడి ప్రాసెసర్‌ని మంట మీద పెట్టే పని, ల్యాప్‌టాప్ సన్నటి ఒంట్లో ఆ వేడి బయటికి పోలేక అదే తన వేగం తగ్గించుకుంటుంది, ఎండాకాలంలో మరీనూ. పైగా ల్యాప్‌టాప్‌లో ఐదేళ్ల తర్వాత ప్రాసెసర్ మార్చలేవు, చాలావాటిలో అది బోర్డుకి అతికించేసి ఉంటుంది. ఊరు మారే అవకాశం నిజంగానే ఏడాదిలోపు ఉంటే మాత్రం ఆయన మాటే విను, డెస్క్‌టాప్‌ని అద్దె గదుల మధ్య మోయడం నరకం.

ఎక్కడ కొనాలి? శ్రీకాకుళంలోనే ఆ షాపాయన దగ్గరే, ఇదే లిస్టు రాసిచ్చి కొత్త కొటేషన్ అడుగు. విశాఖలో ద్వారకానగర్ షాపుల్లో రెండు చోట్ల ఇదే లిస్టుకి ధర కనుక్కో, ఆన్‌లైన్‌లోనూ చూడు. తేడా రెండు మూడు వేలే అయితే శ్రీకాకుళంలోనే తీసుకో, రేపు ఏదైనా పోతే బస్సెక్కి విశాఖ వెళ్లి రావడానికి ఒక సెలవు పెట్టాలి, ఆ సెలవుకీ విలువ కట్టు. ఎక్కడ కొన్నా జీఎస్టీ బిల్లు అడుగు, అందులో ప్రతి ముక్క పేరు, మోడల్, సీరియల్ నంబర్ విడివిడిగా రాయించు. "గేమింగ్ సిస్టమ్ - 1" అని ఒక్క ముక్కలో రాసిన బిల్లుతో వారంటీ అడగడానికి వెళితే ఎవరూ పలకరు. "బిల్లు లేకపోతే 18 శాతం తగ్గుద్ది" అంటారు, తగ్గేది వారంటీ. డబ్బాలన్నీ నీ ఎదురుగానే విప్పించు, ఖాళీ డబ్బాలు కూడా ఇంటికి తెచ్చుకో, అటక మీద మూడేళ్లు ఉండనీ.

విశాఖలోనే కొని బస్సులో తెచ్చుకునేట్టయితే కేబినెట్‌ని డిక్కీలో వేయకు, పక్క సీటుకి కూడా టికెట్ తీసుకుని దాన్ని కూర్చోబెట్టు, మానిటర్ డబ్బాని ఎప్పుడూ నిలువుగానే ఉంచు. కార్డు ఉంటే బోర్డు నుంచి తీయించి దాని డబ్బాలో పెట్టుకుని ఒళ్లో పెట్టుకో, గుంతల్లో ఊగి ఊగి స్లాట్ విరిగిన సందర్భాలు ఉన్నాయి.

ఇంకో పని, ఇది కొనకముందే చేయి. నీ సివిలైజేషన్ 250వ టర్న్ సేవ్ ఫైలుని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకో. నీ గ్యాంగ్‌లో ఎవరి దగ్గరైనా కాస్త కొత్త డెస్క్‌టాప్ ఉంటే వాళ్లింటికి వెళ్లి, నీ అకౌంట్‌తో లాగిన్ అయ్యి, నీ దగ్గరున్న ఎక్స్‌పాన్షన్లే అక్కడా పెట్టి (లేకపోతే ఫైలు తెరుచుకోదు), ఆ ఫైలు తెరిచి నెక్స్ట్ టర్న్ నొక్కి ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టు. వరసగా ఐదు టర్న్‌లు కొలిచి సగటు తీయి. అదే ఐదు నీ ల్యాప్‌టాప్ మీద కూడా కొలువు. సివిలైజేషన్ 6లో ఏఐ బెంచ్‌మార్క్ అని లోపలే ఒక పరీక్ష ఉంది, అది కూడా టర్న్‌కి ఎన్ని సెకన్లో చెబుతుంది, కాకపోతే మన సొంత యుద్ధం మీద కొలిచిన లెక్క మీద మనకి నమ్మకం ఎక్కువ. ఆ సిస్టమ్‌లో ప్రాసెసర్ ఏదో, నీ సెకన్లు ఎన్నో, వాడి సెకన్లు ఎన్నో నాకు రాయి. షాపాయన ఇచ్చే కొత్త కొటేషన్ ఫొటో కూడా పెట్టు, అడ్వాన్స్ మాత్రం అప్పటిదాకా ఇవ్వకు.